కండరంలో ఏది ముందు చెడుతుందో పురుగు చెబుతుంది

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. చీమకుర్తిలో ఉంటున్న మీ చెల్లెలి కొడుకుకు ఏడేళ్ళ వయసులో డుషేన్ కండరాల క్షీణత ఉందని జన్యుపరీక్షలో తేలింది. డెబ్బై దాటిన మీ అమ్మగారికి ఈమధ్య కాళ్ళలో సత్తువ తగ్గి, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించవలసి వస్తోంది. ఈ రెండూ ఒకే జబ్బా అని, పత్రికలో చదివినట్లు మిల్లీమీటరు పొడవున్న పురుగు మీద చేసే పరిశోధన వల్ల వీరిద్దరిలో ఎవరికైనా ఒరిగేది ఉందా అని, పురుగుల్లో పనిచేసిందంటూ అమ్ముతున్న దానిమ్మ సారం గుళికలు కొనవచ్చా అని అడిగారు. నేను కొన్నేళ్ళపాటు ఆ పురుగు కండరాల మీదే ప్రయోగశాలలో పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్నాను. వైద్యుణ్ణి కాను గనుక మందుల మోతాదుల జోలికి పోను. పరిశోధన ఎంతవరకు వచ్చిందో, దాన్ని మీ ఇంటికి ఎంతవరకు అన్వయించుకోవచ్చో మాత్రం చెప్పగలను.

రెండూ ఒకే జబ్బు కావు. బాబుది పుట్టుకతోనే ఒక ప్రోటీన్ లేకపోవడం వల్ల వచ్చినది. అమ్మగారిది చాలావరకు వయసుతో వచ్చే కండర క్షయం అయివుండవచ్చు, దానికి సార్కోపీనియా అని పేరు. పురుగు పరిశోధన నుంచి రేపో మాపో మందు వస్తుందని మీకు ఆశ పెట్టలేను. అయితే కండరం చెడిపోయే క్రమంలో ఏది ముందు, ఏది తరువాత అన్న సంగతి తెలుసుకోవడానికి ఈ పురుగంత సూటిగా జవాబిచ్చే జంతువు మరొకటి లేదని నా నమ్మకం. మందు ఎక్కడ పనిచేయాలో, వ్యాయామం ఎవరికి మేలో, ఎవరికి కీడో ఆ క్రమాన్ని బట్టే ఆలోచించగలం.

మన వైపు నులిపురుగు అనగానే పిల్లల కడుపులో ఏలికపాములో, పొగాకు నారుమళ్ళలో వేళ్ళకు బుడిపెలు కట్టించే తెగులో గుర్తుకువస్తుంది. సీనోరాబ్డైటిస్ ఎలెగాన్స్ అనే ఈ పురుగు ఆ వర్గానిదే గాని ఎవరినీ ఆశ్రయించి బతకదు, ఎవరికీ హాని చేయదు. కుళ్ళిన పండ్లలో, పెంటపోగుల్లో బాక్టీరియాను తిని జీవిస్తుంది. సిడ్నీ బ్రెనర్ అనే శాస్త్రవేత్త 1963లో దీన్ని పరిశోధనకు ఎంచుకుని, 1974లో దీని జన్యుశాస్త్రం మీద మొదటి పెద్ద పత్రం ప్రచురించారు. 2002లో ఆయనతో పాటు మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. గుడ్డు నుంచి మళ్ళీ గుడ్లు పెట్టే దశకు చేరడానికి దీనికి మూడు రోజులు చాలు, మొత్తం ఆయుష్షు రెండు మూడు వారాలు. బీజకణాలను మినహాయిస్తే ఎదిగిన పురుగు శరీరంలో సరిగ్గా 959 కణాలుంటాయి, అందులో 302 నాడీకణాలు. ఒళ్ళంతా పారదర్శకం గనుక కోసి చూడనక్కరలేకుండా, బతికి ఉండగానే సూక్ష్మదర్శినిలో కండరాన్ని చూడవచ్చు. ఇరవై డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. ఇరవై ఆరు దాటితే సంతానం ఆగిపోతుంది గనుక మే నెలలో నెల్లూరులో దీన్ని పెంచడం ఇంక్యుబేటర్ లేనిదే సాధ్యం కాదు.

శరీరాన్ని కదిలించే కండర కణాలు దీనికి 95 మాత్రమే. అవి తల నుంచి తోక దాకా నాలుగు పట్టీలుగా అమరి ఉంటాయి. మన చేతి కండరంలో ఉన్నట్లే ఈ కణాల్లోనూ మయోసిన్, ఆక్టిన్ అనే ప్రోటీన్ల పోగులు ఒకదాని మీద ఒకటి జారుతూ కండరాన్ని ముడుస్తాయి. ధ్రువిత కాంతిలో చూస్తే ఆ పట్టీలు నల్లటి నేపథ్యంలో వరుసగా మెరుస్తాయి. కండరం చెడిన పురుగులో ఆ మెరుపు గీతల మధ్య ఖాళీలు పడతాయి, గీతలు వంకరపోతాయి. ఎముక లేని జీవికీ మనకూ పోలిక ఎలా కుదురుతుందని మీరు అడిగారు. ఎముక తేడా నిజమే గాని, కండర కణం లోపలి యంత్రాంగం కోట్ల ఏళ్ళుగా పెద్దగా మారలేదు. ఏ జీవిలోనైనా సరే, మయోసిన్ ముఖ్యభాగాన్ని తయారుచేసే జన్యువు పూర్తి అక్షరక్రమాన్ని మొట్టమొదట చదివింది ఈ పురుగులోనే, 1983లో. మనుషుల్లో వ్యాధులు తెచ్చే జన్యువుల్లో దాదాపు సగానికి పురుగులో పోలికగల జన్యువులు ఉన్నాయి.

కండర పరిశోధనే ఒకసారి మొత్తం జీవశాస్త్రాన్ని మలుపు తిప్పిన సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. అంక్-22 అనే జన్యువు లోపిస్తే పురుగు కండరాలు అదేపనిగా అదురుతుంటాయి. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో 1998లో ఆ జన్యువుకు సరిపోలే జంటపోగుల ఆర్‌ఎన్‌ఏను (ఆర్‌ఎన్‌ఏ అంటే కణంలో జన్యువు సందేశాన్ని మోసే పదార్థం) తల్లి పురుగులోకి ఎక్కించగా పిల్ల పురుగులన్నీ అదిరాయి. అంటే జన్యువును చెరపకుండానే దాని నోరు మూయించవచ్చని తేలింది. ఆ పనికే వారికి 2006లో నోబెల్ బహుమతి దక్కింది. పిమ్మట అదే ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే బాక్టీరియాను పురుగుకు మేతగా పెడితే చాలన్నది తెలిసింది. పురుగుకున్న ఇరవై వేల దాకా జన్యువుల్లో ఏది లేకపోతే కండరం ఏమవుతుందో ఒక్కొక్కటిగా అడిగి చూసే వీలు అలా కలిగింది. ఎలుకలో ఒక జన్యువుకు నెలలు పట్టే పని పురుగులో వారంలో అయిపోతుంది.

ఇక మీ మేనల్లుడి జబ్బు దగ్గరికి వద్దాం. అతనిలో లేనిది డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్. దాని జన్యువును 1986, 1987 సంవత్సరాల్లో కనుగొన్నారు. ఎక్స్ క్రోమోజోము మీద ఇరవై లక్షలకు పైగా అక్షరాల పొడవున, 79 ముక్కలుగా పరచుకున్న జన్యువది. అంత పొడవు కావడం వల్లనే అందులో ఎక్కడో ఒకచోట ముక్కలు జారిపోయే అవకాశం ఎక్కువ. డిస్ట్రోఫిన్ కణం లోపలి ఆక్టిన్ పోగులను కణపు పొరకు, దాని ద్వారా బయటి అల్లికకు కట్టి ఉంచుతుంది. జువ్వలదిన్నె రేవులో కట్టిన పడవకు తాడు ఎంత అవసరమో కండర కణానికి అది అంత అవసరం: కండరం ముడుచుకున్న ప్రతిసారీ పడే గుంజును అది పంచుకుంటుంది, అది లేకపోతే ఆ గుంజు మొత్తం పొర మీదే పడుతుంది. చిరిగిన పొర గుండా కాల్షియం లోపలికి చొరబడుతుంది, కణం చచ్చిపోతుంది అని చాలాకాలం అనుకున్నాం. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఎక్కువగా ఉన్నది ఈ కథే.

పురుగులో డిస్ట్రోఫిన్‌కు సాటి అయిన జన్యువు పేరు డిస్-1. ఫ్రాన్స్‌లో లారెంట్ సెగలా బృందం 1998లో ఆ జన్యువు చెడిన పురుగులను వర్ణించింది. మామూలు పురుగు అగర్ అనే జెల్లీ లాంటి పదార్థం పోసిన పళ్ళెం మీద బాక్టీరియా పొరలో చక్కటి అలల బాట వేస్తూ పాకుతుంది. డిస్-1 చెడినది ముందుకు పోతున్నప్పుడు తలను అవసరానికి మించి వంచుతుంది, హడావిడిగా కదులుతుంది. చూపులకు అంతే తేడా. కణాలు చచ్చిపోవడం మాత్రం పెద్దగా కనబడలేదు, అది మొదట్లో మా అందరినీ నిరాశపరిచింది. 2000లో అదే బృందం, కండర కణాల ఎదుగుదలను నడిపే మరొక జన్యువులో కొద్దిపాటి లోపాన్ని కూడా జోడించింది. ఆ జంట లోపం ఉన్న పురుగుల్లో వయసుతో పాటు కండరం నిజంగానే నశించడం మొదలైంది. ఇప్పుడు మందులు పరీక్షించడానికి ఒక కొలబద్ద దొరికింది.

పిల్లలకు అప్పటికే వాడుతున్న ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను ఈ పురుగులకు ఇచ్చి చూడగా కండర నష్టం కొంత తగ్గిందని 2004లో ప్రకటించారు. ఈ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను. స్టెరాయిడ్ మేలు చేసేది మంటను, వాపును తగ్గించడం వల్లనే అని వైద్యులు సాధారణంగా చెబుతారు. కానీ పురుగుకు కండరంలోకి చొరబడి వాపు తెచ్చే రక్తకణాలే లేవు. అయినా మందు పనిచేసిందంటే, ఆ మేలులో కొంత భాగం నేరుగా కండరం మీదే జరుగుతోందని అర్థం చేసుకోవాలి. మనిషిలో కలిసిపోయి ఉండే రెండు కారణాలను పురుగు ఇలా విడదీసి చూపించగలదు. 2009లో అదే వరుసలో అనేక రసాయనాలను వడపోసి, కంటి నీటికాసుల జబ్బుకు వాడే మెథజొలమైడ్, డైక్లోర్‌ఫెనమైడ్ అనే రెండు మందులు పురుగుల్లోనూ, డిస్ట్రోఫిన్ లేని ఎలుకల్లోనూ కొంత మేలు చేస్తాయని చూపారు. అవి ఈనాటికీ డుషేన్‌కు ఆమోదం పొందిన చికిత్సలు కాలేదు. పురుగు నుంచి ఎలుక దాకా వచ్చిన దారి అక్కడి నుంచి మనిషి దాకా సాగడం ఎంత కష్టమో దీన్నిబట్టి గ్రహించండి.

ఇంతవరకు చెప్పిన ప్రయోగాల్లో పురుగు మెత్తటి అగర్ మీద సుఖంగా పాకుతూ ఉంది. అమెరికాలో ఆండ్రెస్ విడాల్-గడేయా బృందం దాన్ని గట్టి అగర్‌లోకి తొలుచుకుపోయేలా చేసింది. బలం పెట్టి తొలవవలసి వచ్చేసరికి, రెండో జన్యువు లోపం అవసరం లేకుండానే, డిస్-1 ఒక్కటి చెడిన పురుగుల కండరం కూడా చితికిపోసాగింది. తరువాత 2019లో వారు ప్రచురించిన పని నేను ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనదిగా చెబుతాను. కండర కణంలో కాల్షియం అదుపు తప్పడం ముందు జరుగుతుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతినడం, మయోసిన్ పోగులు చెదరడం ఆ తరువాతే కనబడతాయి అని వారు చూపారు. పొర చిరిగాక కాల్షియం వస్తుందన్న పాత క్రమం పురుగులో తలకిందులైంది. మనిషిలోనూ అచ్చంగా ఇంతే అని అనడానికి ఇది ఒక్కటే చాలదు. కానీ కండరం పైకి బాగానే కనబడుతున్న రోజుల్లోనే లోపల ఏదో మొదలై ఉంటుందన్న ఊహకు ఇది గట్టి ఆధారం. ఈ జబ్బులో చికిత్సను వీలైనంత చిన్నతనంలోనే మొదలుపెట్టాలనే వారి మాటకు కూడా ఇది బలమిస్తుంది.

అదే పత్రంలో మీకు నేరుగా పనికివచ్చే మరొక సంగతి ఉంది. డిస్-1 చెడిన పురుగులను ఎక్కువ శ్రమ పడవలసిన చోట్ల పెంచితే వాటి కండరం పరిమాణం వంటి కొన్ని కొలతలు మెరుగయ్యాయి. కానీ ఆయుష్షు తగ్గింది. కండరం చూడడానికి పెరిగినా ప్రాణానికి మేలు జరగలేదన్నమాట. డుషేన్ ఉన్న పిల్లల విషయంలో ఫిజియోథెరపిస్టులు చాలాకాలంగా చెబుతున్న జాగ్రత్తతో ఇది సరిపోతుంది. బరువులెత్తించడం, మెట్లు పదేపదే దింపించడం, గెంతులు వేయించడం వంటి, కండరం సాగుతూ బలం పెట్టవలసిన పనులు మీ మేనల్లుడి చేత చేయించవద్దు. పిల్లవాడు బలహీనంగా ఉన్నాడు, కసరత్తు చేయిస్తే గట్టిపడతాడు అని బంధువులు ప్రేమతోనే అంటారు. వారికి ఓపికగా నచ్చజెప్పండి. కీళ్ళు బిగుసుకుపోకుండా రోజూ మెల్లగా సాగదీయడం, అలసిపోనంతవరకు నీళ్ళలో ఆడనివ్వడం మంచిది, అదీ నిపుణుల సలహాతోనే.

మన జిల్లాల్లో అడిగేవారు ఎక్కువ గనుక ఒక పక్క విషయం చెప్పి ముందుకు పోతాను. డుషేన్ మేనరికం వల్ల రాదు. అది తల్లి ఎక్స్ క్రోమోజోము ద్వారా వస్తుంది, లేదా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. దాదాపు మూడో వంతు పిల్లల్లో కొత్తగా వచ్చినదే. అయితే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడిన ప్రతులు కలిసినప్పుడే వచ్చే కండరాల జబ్బులు వేరే ఉన్నాయి. మేనమామను, మేనబావను చేసుకునే కుటుంబాల్లో వాటికి అవకాశం ఎక్కువ. వాటిలో ఒకటి డిస్‌ఫెర్లిన్ లోపం. యవ్వనంలో పిక్కల దగ్గరో, తొడల దగ్గరో బలహీనత మొదలవుతుంది. ఈ ప్రోటీన్ కథలోనూ పురుగు ఉంది. ఫెర్-1 అనే పురుగు జన్యువును 1997లో గుర్తించారు. అది చెడితే మగబీజంలోని చిన్న సంచులు పొరతో కలవలేక బీజం పనికిరాకుండా పోతుంది. మరుసటి ఏడే మనుషుల్లో ఈ కండరాల జబ్బు తెచ్చే జన్యువు దొరికినప్పుడు, అప్పటికి తెలిసిన వాటిలో దాని పోలిక కనిపించింది పురుగు బీజంలోని ఆ జన్యువుతోనే. పురుగులో సంచులను పొరతో కలపడం దాని పని గనుక, మన కండరంలోనూ చిరిగిన పొరకు సంచులతో అతుకువేసే పని అదే చేస్తుందేమో అని వెతకడానికి దారి దొరికింది, ఆ ఊహే తరువాత రుజువైంది. ఈ జబ్బును వాపు జబ్బుగా పొరబడి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడించే సందర్భాలు ఉంటాయి, డిస్‌ఫెర్లిన్ లోపంలో వాటివల్ల మేలు లేదు. అందుకే ఏ కండర క్షీణత అయినా పేరు ఖాయం కావలసింది జన్యుపరీక్షతోనే.

పురుగు చెప్పలేనివి కూడా స్పష్టంగా చెప్పాలి. మన కండరం దెబ్బతింటే పక్కనే కాచుకుని ఉండే మూలకణాలు కొత్త పోగులను పుట్టిస్తాయి. డుషేన్‌లో అవి అలసిపోవడం, నశించిన కండరం స్థానంలో కొవ్వు, పీచు చేరడం జబ్బులో పెద్ద భాగం. పురుగుకు అలాంటి మూలకణాలు లేవు. ఎదిగేసరికి ఏర్పడిన ఆ 95 కణాలతోనే చివరిదాకా బతుకుతుంది. దానికి గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు. డుషేన్ ఉన్న యువకుల ప్రాణం మీదికి తెచ్చేవి ఆ రెండే. కనుక పురుగులో ఏదైనా పనిచేసిందని పత్రికలో చదివినప్పుడు, అది పని చేసింది జబ్బులో ఏ భాగం మీద అని అడగండి. కండర కణం లోపల మొదట్లో జరిగే మార్పు మీద అయితే శ్రద్ధగా వినండి. గుండెకు, పీచు కట్టిన కండరానికి సంబంధించినది అయితే ఎలుక, కుక్క, మనిషి దాకా ఆగండి.

అమ్మగారి విషయంలో పురుగు ఇంకా ధారాళంగా మాట్లాడుతుంది, ఎందుకంటే అది మూడు వారాల్లో మన ఎదుటే ముసలిదవుతుంది. పదిహేను రోజులు దాటిన పురుగును చూడడం విద్యార్థులకు నేను తప్పక చూపించే దృశ్యం. పురుగులను ఎత్తడానికి మామూలుగా వాడే ప్లాటినం తీగ అంచు గట్టిగా తగులుతుందని, టూత్‌పిక్‌కు అతికించిన కనురెప్ప వెంట్రుకతో దాన్ని మెల్లగా తాకుతాం. పడుచు పురుగు తాకకముందే పారిపోతుంది. ముసలిది తాకితే తప్ప కదలదు, మరీ పండినది తలను మాత్రం అటూ ఇటూ ఆడించి ఊరుకుంటుంది, ఒళ్ళు అక్కడే ఉంటుంది. పళ్ళెంలో పక్కపక్కనే పెరిగి, ఒకే తిండి తిని, ఒకే జన్యువులున్న రెండు పురుగుల్లో ఒకటి పాకుతూ ఉండగా మరొకటి కదలలేని స్థితికి చేరుతుంది. మోనికా డ్రిస్కాల్ బృందం 2002లో ఈ సంగతిని జాగ్రత్తగా నమోదు చేసింది. ముసలి పురుగుల్లో నాడీకణాల ఆకారం చెక్కుచెదరలేదని, కండర పట్టీలు మాత్రం పలచబడి, చెదిరిపోయాయని, మనుషుల్లోని సార్కోపీనియాకు అది చాలా దగ్గరగా ఉందని వారు రాశారు. ఏజ్-1 అనే జన్యువులో ఆయుష్షును పెంచే లోపం ఉన్న పురుగుల్లో కండరం చెడడం ఆలస్యమైంది. ఇన్సులిన్ వంటి సంకేతాల దారిలో మార్పు పురుగు ఆయుష్షును రెట్టింపు చేస్తుందని సింథియా కెన్యన్ 1993లో డాఫ్-2 జన్యువుతో చూపించిన దారే ఇదీ.

ఆకారం చెడకపోయినా పని చెడవచ్చు కదా అన్న ప్రశ్న అప్పటికి మిగిలిపోయింది. మిషిగన్‌లో షాన్ జూ బృందం 2013లో నాడి నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని, కండరం స్పందనను విడివిడిగా కొలిచింది. పురుగు నడివయసులోనే కదలికను నడిపే నాడుల పనితనం తగ్గడం మొదలైంది, కండరం బలం తగ్గింది ఆ తరువాత. మళ్ళీ క్రమమే తేలింది: ముందు నాడి, పిదప కండరం. ఆ నాడుల నుంచి సంకేతాన్ని పెంచే అరెకోలిన్ అనే పదార్థం ఇస్తే ముసలి పురుగులు బాగా కదిలాయి. అరెకోలిన్ వక్కలో ఉండేదే. అది విని మీ అమ్మగారి వక్కాకు అలవాటును ఎవరూ సమర్థించుకోకండి. వక్క నోటి క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చిచెప్పింది. ప్రయోగంలో వాడిన పదార్థం దారి చూపడానికే గాని వాడుకోవడానికి కాదు.

నాడి ముందు తగ్గుతుందన్న మాట మన పెద్దలకు ఎందుకు ముఖ్యమో చూడండి. వయసుతో కండరం కొలత కంటే బలం, చురుకు వేగంగా తగ్గుతాయని వైద్యులకు తెలుసు. కాబట్టి కండరాన్ని మేపడం ఒక్కటే చాలదు, నాడి చేత దాన్ని పదేపదే పని చేయించాలి. పురుగుల్లోనూ వ్యాయామం మీద ప్రయోగాలు జరిగాయి. పురుగును ద్రవంలో వేస్తే పాకడం మాని ఈదుతుంది, ఈదడానికి ఎక్కువ శక్తి పడుతుంది. పడుచు వయసులో కొన్నాళ్ళు విడతలు విడతలుగా ఈదించిన పురుగులు ముదిమిలో కూడా మెరుగ్గా కదిలాయని డ్రిస్కాల్ బృందం తరువాతి ప్రయోగాల్లో చూపింది. ఇక్కడొక మాట నొక్కి చెప్పాలి. ఆరోగ్యమైన పురుగుకు శ్రమ మేలు చేసింది, డిస్ట్రోఫిన్ లేని పురుగుకు శ్రమ ఆయుష్షు తగ్గించింది. మీ ఇంట్లో ఒకరి చేత చేయించవలసింది మరొకరి చేత చేయించకూడదు.

అమ్మగారి విషయంలో ఆసియా దేశాల వైద్యులు 2019లో అంగీకరించిన ఒక తేలిక పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి పన్నెండు సెకన్లు లేదా అంతకంటే ఎక్కువ పడితే వైద్యుడికి చూపించండి. చేతులు ఆనించకుండా లేవలేని స్థితి అయితే పరీక్ష అక్కరలేదు, నేరుగా చూపించండి. ఆమెకు మధుమేహం, థైరాయిడ్, డి విటమిన్ లోపం ఉన్నాయేమో, కొలెస్ట్రాల్ మందుల వల్ల కండరాల నొప్పులు ఉన్నాయేమో వారు చూస్తారు. సార్కోపీనియాకు ఇంతవరకు ఆమోదం పొందిన మందు లేదు, బలం పెట్టి చేసే వ్యాయామానికే గట్టి ఆధారం ఉంది. మోకాళ్ళ నొప్పులుంటే ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు కూర్చునే చేయించండి. అన్నం ఎక్కువ, పప్పు పలచన అన్న తీరులో పెద్దవారి భోజనం నడిచే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. మూత్రపిండాలు బాగుంటే రోజుకు శరీరబరువు కిలోకు గ్రాము నుంచి గ్రామున్నర లోపు ప్రోటీన్ అందేలా గుడ్డు, చేప, పెసలు, పెరుగు పూటపూటకూ కొంత పెట్టండి.

దానిమ్మ గుళికల సంగతి. దానిమ్మలోని కొన్ని పదార్థాలను పేగుల్లోని బాక్టీరియా యూరోలిథిన్-ఎ గా మారుస్తుంది. కణంలో పాడైపోయిన మైటోకాండ్రియాను ఏరివేసే పనిని ఇది పెంచి పురుగు ఆయుష్షును పొడిగించిందని, ఎలుకల్లో కండర పనితనాన్ని మెరుగుపరచిందని 2016లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. 2022లో అరవై అయిదు దాటిన 66 మంది మీద నాలుగు నెలలు జరిపిన పరీక్షలో కండరాల ఓర్పు కొంత పెరిగింది, కానీ ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరంలో, మందులేని గుళిక మింగినవారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పరీక్షలో ఇచ్చింది శుద్ధిచేసిన యూరోలిథిన్. దానిమ్మ సారాన్ని యూరోలిథిన్‌గా మార్చే బాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. కాబట్టి మీరు చెప్పిన ధరకు ఆ గుళికలు కొనవద్దు. దానిమ్మ పండు తినడానికి అభ్యంతరమేమీ లేదు. బాబుకు మాత్రం వైద్యుడికి చెప్పకుండా ఏ పొడీ, ఏ గుళికా ఇవ్వవద్దు, వాడుతున్న స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి మానవద్దు.

చివరగా, మీ ప్రశ్నలో లేకపోయినా అడగవలసినది ఒకటుంది. మీ చెల్లెలికి వాహక పరీక్ష, అంటే తనకు జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువును మోస్తోందేమో చూసే పరీక్ష, చేయించారా? ఆమెలో లోపం ఉంటే, పుట్టబోయే ప్రతి మగబిడ్డకూ జబ్బు, ప్రతి ఆడబిడ్డకూ వాహకత్వం వచ్చే అవకాశం సగానికి సగం. రక్తపరీక్షలో లోపం లేదని వచ్చినా అండాల్లో ఉండే అవకాశం కొంత మిగులుతుంది గనుక మళ్ళీ గర్భం వస్తే జన్యు సలహాదారును కలవాలి. ఇందులో ఆమె తప్పు రవ్వంత కూడా లేదు, అత్తింటివారికీ ఆ మాట స్పష్టంగా చెప్పండి. మీ చెల్లెలు వాహకురాలైతే మీ అమ్మగారూ అయివుండవచ్చు. వాహకులైన స్త్రీలలో కొందరికి గుండె కండరం బలహీనపడుతుంది, కొద్దిమందికి కాళ్ళ బలహీనత కూడా వస్తుంది. అంటే అమ్మగారిది వయసు వల్ల వచ్చినదే అని నేను పైన అన్నమాట ఆ పరీక్ష తరువాతే ఖాయమవుతుంది. ఇద్దరికీ గుండె ఎకో పరీక్ష కూడా చేయించండి. మీకు ఆరోగ్యం బాగుంటే ఆ లోపం మీలో లేదు, మీ పిల్లలకు మీ నుంచి రాదు. బాబు జన్యుపరీక్ష నివేదికలో ఏ ఎక్సాన్లు (పైన చెప్పిన 79 జన్యు ముక్కల పేరు అదే) జారిపోయాయో రాసి ఉంటుంది, ఆ అంకెలను భద్రపరచండి. కొన్ని ఎక్సాన్లను దాటవేయించే మందులు ఎవరికి వర్తిస్తాయో ఆ అంకెలను బట్టే నిర్ణయిస్తారు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపేది ఒకటి. వెళ్ళేటప్పుడు అసలు నివేదికతో పాటు అమ్మగారిని, చెల్లెలిని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి.